భారతీయుల 'అధికార దూరం' 77: పరాయి సంస్కృతుల గురించిన సగటు మాటలను ఎంతవరకు నమ్మాలి?

సారాంశం: 'ఫలానా దేశం వాళ్లు ఇలా ఉంటారు' అనే మాట వందలమందికి శిక్షణ, నియమాలు, ఫారాలు తయారుచేసేవాళ్లకు పనికొస్తుంది. ఎదురుగా కూర్చున్న ఒక మనిషిని అంచనా వేయడానికో, జరిగిపోయిన ఒక సంఘటనకు కారణం చెప్పడానికో అదే మాటను వాడితే తరచూ బోల్తా పడతాం. ఈ తేడా విమానయాన రంగంలో బాగా వివరంగా నమోదైంది కాబట్టి వ్యాసంలో సింహభాగం కాక్‌పిట్‌కే పోయింది.

విదేశీ క్లయింట్లతో పనిచేసే కంపెనీల్లో కొత్తవాళ్లకిచ్చే శిక్షణలో 'అధికార దూరం' పేరుతో ఒక బార్ గ్రాఫ్ తరచూ కనిపిస్తుంది. భారత్ 77, అమెరికా 40, నెదర్లాండ్స్ 38. కింద ఒక వాక్యం: భారతీయులు పైవాళ్లకు ఎదురు చెప్పరు, అమెరికన్లు, డచ్‌వాళ్లు మొహం మీదే చెప్పేస్తారు. అటువైపు భారతీయ టీములతో పనిచేసే మేనేజర్లకూ ఇదే గ్రాఫ్ చూపిస్తారు. రెండు వైపులా అందరూ తల ఊపుతారు, ఎందుకంటే తమకు తెలిసిన ఒకరిద్దరు గుర్తొస్తారు. ఆ 77 ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

## ఆ అంకె వెనక లెక్క

ఐబీఎం కంపెనీ 1967–73 మధ్య అనేక దేశాల్లోని తన ఉద్యోగుల చేత సుమారు 1,16,000 ప్రశ్నపత్రాలు నింపించింది. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఆ జవాబులను విశ్లేషించి 1980లో ప్రచురించారు. దేశాలను నాలుగు కొలతల మీద పోల్చారు. వాటిలో ఒకటి అధికార దూరం, అంటే అధికారం అందరికీ సమానంగా లేకపోవడాన్ని కిందివాళ్లు ఎంత సహజంగా తీసుకుంటారన్నది.

ఈ కొలత మూడంటే మూడు ప్రశ్నల మీద నిలబడింది. పై అధికారితో విభేదించడానికి ఉద్యోగులు ఎంత తరచుగా భయపడతారు (1 అంటే చాలా తరచుగా, 5 అంటే చాలా అరుదుగా)? నాలుగు రకాల బాస్‌లలో మీ బాస్ ఏ రకం? మీకు ఏ రకం కావాలి? మొదటి ప్రశ్నకు వచ్చిన సగటును 25తో గుణించి 135లోంచి తీసేస్తారు. తమ బాస్ హుకుం జారీచేసే రకమో, తానే తేల్చేసి తర్వాత నచ్చజెప్పే రకమో అన్నవాళ్ల శాతాన్ని కలుపుతారు. సంప్రదించి నిర్ణయించే బాస్ కావాలన్నవాళ్ల శాతాన్ని తీసేస్తారు. ఊహాసంఖ్యలతో చూస్తే, సగటు 2.6, శాతాలు 55, 48 అయితే 135 – 65 + 55 – 48 = 77. సగటు 2.6 నుంచి 3కి జరిగితే చాలు, అంకె 67కి పడిపోతుంది.

లెక్కలోనే రెండు సంగతులు బయటపడతాయి. శాతాలు వాడారు కాబట్టి ఇది గుంపుకే వర్తిస్తుంది. ఒక్క మనిషికి 'అధికార దూరం 77' ఉండడం గణితం ప్రకారమే కుదరదు. ఈ మాట హాఫ్‌స్టెడ్ స్వయంగా పదేపదే చెప్పారు, గ్రాఫులు గీసేవాళ్లు వదిలేశారు. రెండోది, మొదటి ప్రశ్న 'మీరు భయపడతారా' అని అడగదు, ఉద్యోగులు భయపడతారా అని అడుగుతుంది. జవాబులో చుట్టుపక్కలవాళ్ల గురించిన అభిప్రాయం కూడా కలిసి ఉంటుంది.

ఇక ఎవరిని అడిగారన్నది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే సరిపోతుంది, కుండలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో ఉడికాయి కాబట్టి. ఒక బహుళజాతి కంపెనీలో ఉద్యోగం సంపాదించుకున్న చదువరులు ఆ దేశమనే కుండలో మెతుకులేనా? ఉద్యోగం, కంపెనీ ఒకటే కాబట్టి మిగిలిన తేడా జాతీయ సంస్కృతిదే అయ్యుండాలని హాఫ్‌స్టెడ్ వాదన. దేశాల మధ్య తేడా చూపడానికి ఇది తెలివైన పద్ధతే. ఒక దేశం లోపలి వైవిధ్యం గురించి ఇది ఏమీ చెప్పలేదు. పరిశోధకుడు బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో రాసిన విమర్శ ప్రకారం పాకిస్తాన్‌లో మొదటి విడత 37 మంది, రెండో విడత 70 మంది మాత్రమే జవాబిచ్చారు. 15 దేశాల్లో జవాబిచ్చినవాళ్లు 200 కూడా లేరు. మన 77 విషయానికొస్తే, ఆ జవాబులిచ్చిన ఉద్యోగుల కంపెనీ విదేశీ వాటాల నిబంధనలు పడక 1978లో దేశమే విడిచి వెళ్లింది. యాభై ఏళ్లు దాటిన ఆ అంకె ఇప్పటికీ కొత్త టీముల ముందు తెరమీద పడుతోంది.

ప్రశ్నపత్రాలకు ఇంకో జబ్బుంది. 'నువ్వు సమయపాలన పాటిస్తావా' అని అడిగితే ఎవరైనా తన చుట్టూ ఉన్నవాళ్లతో పోల్చుకునే జవాబిస్తారు. టోక్యోలో రెండు నిమిషాలు ఆలస్యమయ్యే మనిషి తనకు తక్కువ మార్కులు వేసుకోవచ్చు. అరగంట ఆలస్యం మామూలైన చోట పది నిమిషాల్లో వచ్చేవాడు ఎక్కువ వేసుకుంటాడు. స్టీవెన్ హైనె, మరికొందరు 2002లో ఈ లోపాన్ని చర్చించారు. ప్రవర్తననే కొలిస్తే ఈ బెడద తగ్గుతుంది. రాబర్ట్ లెవైన్, ఆరా నోరెంజాయన్ 1999లో 31 దేశాల నగరాలను పోల్చినప్పుడు ఎవరి అభిప్రాయమూ అడగలేదు. 60 అడుగుల దూరాన్ని జనం ఎంతసేపట్లో నడుస్తున్నారు, పోస్టాఫీసులో స్టాంపు చేతికి రావడానికి ఎంతసేపు పడుతోంది, బ్యాంకు గోడ గడియారాలు ఎంత తేడా చూపిస్తున్నాయి, ఇవే కొలిచారు. మొత్తమ్మీద స్విట్జర్లాండ్ అన్నిటికన్నా వేగం, మెక్సికో అన్నిటికన్నా నెమ్మది అని తేలింది.

## సగటు నిజమైనా మనిషి విషయంలో ఎందుకు తప్పుతుంది

కొలత పక్కాగా ఉందనే అనుకుందాం. ఒక లక్షణంలో 'అ' సమాజం సగటు 55, 'ఆ' సమాజం సగటు 50, రెండింటిలోనూ ప్రామాణిక విచలనం (మనుషుల మార్కులు సగటుకు ఎంత అటూఇటూ చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 10. సామాజిక శాస్త్రాల్లో ఇది చెప్పుకోదగ్గ తేడానే. రెండు సమాజాల నుంచీ చెరో మనిషిని యాదృచ్ఛికంగా తీసుకుని 'అ' మనిషికే ఎక్కువ మార్కులుంటాయని పందెం కాస్తే నూటికి 64 సార్లు గెలుస్తాం. నాణెం ఎగరేసినా 50 సార్లు గెలుస్తాం. అంటే అంత పరిశోధన మనకు అదనంగా ఇచ్చింది 14. అదే చెరో వందమందిని తీసుకుని వాళ్ల సగటులను పోలిస్తే మన పందెం దాదాపు ఎప్పుడూ ఓడిపోదు. సగటు మాట గుంపుల విషయంలో గట్టిగా నిలబడి, ఒక్కరి విషయంలో తడబడడానికి కారణం ఇంతే.

అంచుల దగ్గర కథ మరోలా ఉంటుంది. మార్కులు 70 దాటినవాళ్లను లెక్కిస్తే 'అ'లో వెయ్యికి 67 మంది, 'ఆ'లో 23 మంది వస్తారు. సగటులో ఐదు మార్కుల తేడా అంచుల్లో దాదాపు మూడింతలైంది. బయటివాళ్ల కళ్లకు ఆనేది, వార్తలకెక్కేది ఆ 67 మందే. మిగిలిన 933 మంది ఎవరి దృష్టిలోనూ పడరు. సంస్కృతుల గురించిన మూసలు అంత బలంగా నాటుకుపోవడానికి ఇదొక యంత్రాంగం. మూసలు కొలతలతో సరిపోతాయన్న నమ్మకం కూడా లేదు. 49 సంస్కృతుల్లో జనం తమ జాతి స్వభావం గురించి తాము నమ్మేదాన్నీ, అక్కడివాళ్ల వ్యక్తిత్వ కొలతల సగటునూ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం ఒకటి 2005లో వెలువడింది. రెండింటికీ పొంతన లేదని తేలింది.

గుంపు స్థాయి సంబంధం మనుషుల స్థాయికి దిగేసరికి తలకిందులు కూడా కావచ్చు. 1930 అమెరికా జనాభా లెక్కలతో సామాజిక శాస్త్రవేత్త రాబిన్సన్ 1950లో చూపిన ఉదాహరణ గణాంక పాఠాల్లో స్థిరపడిపోయింది. వలసవచ్చినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, సహసంబంధం (రెండూ కలిసి పెరుగుతాయా, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందా అని –1 నుంచి +1 దాకా చూపే అంకె) –0.53. మనుషులవారీగా చూస్తే వలసవచ్చినవాళ్లలోనే నిరక్షరాస్యత కొంచెం ఎక్కువ, +0.12. వలసదారులు చదువు బాగా ఉన్న రాష్ట్రాలకు వెళ్లి స్థిరపడ్డారు, అంతే. రాష్ట్రాల పట్టిక చూసి పక్కింటి వలసదారుడి చదువు ఊహించినవాళ్లు సరిగ్గా తప్పువైపు ఊహించేవారు.

దేశం అనే గీత అసలు ఎంత వివరిస్తుంది? వసిలీ తారస్, మరో ఇద్దరు పరిశోధకులు వందల అధ్యయనాలను కలిపి 2016లో వేసిన అంచనా ప్రకారం, పనికి సంబంధించిన సాంస్కృతిక విలువల్లో తేడాలో సుమారు 80 శాతం దేశాల లోపలే ఉంది. చాలా సందర్భాల్లో వృత్తి, ఆర్థిక స్థాయి లాంటివి దేశం కన్నా బాగా వివరించాయి. మిగిలిన ఆ 20 శాతం సున్నా అయితే కాదు.

## కాక్‌పిట్‌లో సంస్కృతి: ఒక వివరణ ఎంత మోయగలదు

1997 ఆగస్టు 6 తెల్లవారుజామున కొరియన్ ఎయిర్ విమానం 801, పసిఫిక్‌లో అమెరికా ఆధీనంలోని గువామ్ దీవి విమానాశ్రయానికి మూడు మైళ్ల పైచిలుకు ముందే నిమిట్జ్ కొండను ఢీకొంది. అందులో ఉన్న 254 మందిలో 228 మంది చనిపోయారు. కొరియా సమాజంలో పెద్దలకు ఎదురు చెప్పరు కాబట్టి కో-పైలట్, ఫ్లయిట్ ఇంజనీరు కెప్టెన్‌ను గట్టిగా హెచ్చరించలేకపోయారన్న వివరణ తర్వాతి ఏళ్లలో ప్రపంచమంతా పాకింది.

అమెరికా రవాణా భద్రతా బోర్డు నివేదికలో ఉన్నది ఇంతకన్నా పెద్ద జాబితా. రన్‌వేకి దిగే కోణాన్ని చూపే గ్లైడ్‌స్లోప్ పరికరం ఆ రోజుల్లో పనిచేయడం లేదు. అది లేకుండా మెట్లుమెట్లుగా దిగే పద్ధతిని కెప్టెన్ సరిగా వివరించలేదు, సరిగా అమలు చేయలేదు. మిగతా ఇద్దరూ సరిగా గమనించి సరిచూడలేదు. కెప్టెన్ అలసటతో ఉన్నారు. కంపెనీ ఇచ్చిన శిక్షణ చాలలేదు. విమానం ప్రమాదకరమైన ఎత్తుకు దిగితే కంట్రోలర్‌ను హెచ్చరించాల్సిన వ్యవస్థను, అనవసర అలారాలు ఎక్కువయ్యాయని, గువామ్‌లో కావాలనే అణచిపెట్టి ఉంచారు. ఆ చివరి పని అమెరికా విమానయాన యంత్రాంగానిది. పైగా కో-పైలట్ నోరు మెదపలేదన్నది కూడా నిజం కాదు. నేలను తాకడానికి సుమారు 6 సెకన్ల ముందు దిగడం మానుకుందామని అన్నారు. ఆలస్యమైంది.

వివరణను పరీక్షించే సులువైన దారి, అదే కారణం లేనిచోట అదే ఫలితం వచ్చిందా అని చూడడం. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్ఎం విమానంలో ఫ్లయిట్ ఇంజనీరు ముందున్న విమానం రన్‌వే వదిలిందా అని సందేహం వెలిబుచ్చాడు. కంపెనీలో పైలట్లకు శిక్షణ ఇచ్చేవారిలో అగ్రగణ్యుడైన కెప్టెన్ వదిలిందని తేల్చేశాడు. మాట అక్కడితో ఆగింది. అది నెదర్లాండ్స్ సిబ్బంది, అధికార దూరం 38. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ మీద యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం 173 ల్యాండింగ్ గేర్ (చక్రాల) సమస్యతో దాదాపు గంటసేపు చక్కర్లు కొట్టి ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది పోయారు. ఇంధనం సంగతి సిబ్బంది ప్రస్తావించారు కానీ కెప్టెన్ చెవికెక్కేలా చెప్పలేదు. వాళ్లు అమెరికన్లు, 40. ఇంకో పోలిక: హాఫ్‌స్టెడ్ పట్టికలో దక్షిణ కొరియాకు 60, ఫ్రాన్స్‌కు 68. ఫ్రెంచ్ విమానం కూలితే ఫ్రెంచ్ వినయాన్ని నిందించినవాళ్లు కనిపించరు.

అలాగని ఈ వివరణను చెత్తబుట్టలో వేయడానికీ లేదు. 1999 డిసెంబర్ 22న లండన్ స్టాన్‌స్టెడ్ నుంచి బయల్దేరిన కొరియన్ ఎయిర్ సరుకు విమానంలో కెప్టెన్ ముందున్న పరికరం విమానం పక్కకు ఎంత ఒరిగిందో తప్పుగా చూపించింది. హెచ్చరిక శబ్దం మోగింది, ఫ్లయిట్ ఇంజనీరు ఒరుగుతోందని చెప్పాడు. తన ముందు సరైన పరికరం ఉన్న కో-పైలట్ మాత్రం ఏమీ అనలేదు, కంట్రోల్స్ అందుకోలేదు. నలుగురూ పోయారు. ఇలాంటి మౌనం ఎక్కడైనా జరగొచ్చు. కొన్ని సంస్థల్లో, ముఖ్యంగా సైన్యంలోని సీనియారిటీ కాక్‌పిట్‌లోకీ వచ్చే చోట, ఎక్కువ జరగడానికి వీలుంది. పందెంలో ఆ 64కూ 50కీ ఉన్న తేడా ఇదే.

మనకు దగ్గరి ఉదాహరణ మంగళూరు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 రన్‌వే మీద సుమారు 5,200 అడుగులు దాటాక నేలను తాకి, ఆగలేక లోయలోకి పోయింది. 158 మంది చనిపోయారు. కెప్టెన్ సెర్బియా దేశస్థుడు, కో-పైలట్ భారతీయుడు. భారతీయులు పైవాళ్లకు ఎదురు చెప్పరన్న మూస ప్రకారం కో-పైలట్ మౌనంగా ఉండాలి. ఆయన మూడుసార్లు 'గో అరౌండ్' అన్నారు, అంటే దిగొద్దు, మళ్లీ పైకి లేపు అని. కంట్రోల్స్ మాత్రం తన చేతిలోకి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదన్నదానికి విచారణ నివేదిక సంస్కృతి దాకా పోలేదు. గో అరౌండ్ మొదలుపెట్టే అధికారం కో-పైలట్‌కు ఉందా లేదా అన్న విషయంలో కంపెనీ సూచనల్లోనే అస్పష్టత ఉందని, బహుశా అదే కారణమని రాసింది. సంస్కృతిని మార్చడానికి తరాలు పడతాయి. సూచన పత్రంలో ఒక పేరాను సరిచేయడానికి ఎంత పడుతుంది?

## అదే సగటు పనిచేసిన చోటు

పోర్ట్‌లాండ్ ప్రమాదం తర్వాత 1979లో నాసా ఏర్పాటుచేసిన సదస్సు నుంచి, 1981లో యునైటెడ్ మొదలుపెట్టిన శిక్షణ నుంచి 'క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్' అనే సిబ్బంది సమన్వయ శిక్షణ పెరిగింది. కో-పైలట్ ఆందోళన చెప్పే పద్ధతిని మెట్లుగా నేర్పుతారు. ముందు కెప్టెన్‌ను పిలిచి దృష్టి తనవైపు తిప్పుకోవాలి. తన ఆందోళనను తనదిగా చెప్పాలి. సమస్యను అంకెలతో చెప్పాలి: ఎత్తు ఇంత, వేగం ఇంత. పరిష్కారం ప్రతిపాదించాలి. ఒప్పుకుంటున్నారా అని అడగాలి. రెండుసార్లు చెప్పినా స్పందన లేకపోతే కంట్రోల్స్ తీసుకోవాలి.

ఇది అమెరికన్ తరహా శిక్షణ. ధైర్యంగా నీ మాట నువ్వు చెప్పు అన్న ప్రోత్సాహం మీద నడుస్తుంది. ఇతర దేశాలకు ఉన్నదున్నట్టు తీసుకెళ్తే అంతగా అతకలేదని రాబర్ట్ హెల్మ్‌రైక్, యాష్లీ మెరిట్ 1990లలో అనేక దేశాల పైలట్లను సర్వే చేసి వివరించారు. సాంస్కృతిక సాధారణీకరణ అసలు ఉపయోగం ఇక్కడే బయటపడింది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం కష్టమైన చోట, చెప్పడాన్ని ధైర్యంగా కాకుండా విధిగా మారిస్తే ఆ కష్టం తగ్గుతుంది. భూమికి 1,000 అడుగుల ఎత్తులో వేగం, దిశ, దిగే రేటు పరిమితుల్లో లేకపోతే (ఆకాశం నిర్మలంగా ఉంటే 500 అడుగుల దగ్గర) గమనిస్తున్న పైలట్ నిర్ణీత పదాలు పలకాల్సిందే, గో అరౌండ్ చేయాల్సిందే. జూనియర్ కెప్టెన్‌ను తప్పుపట్టినట్టు కాదు, పుస్తకంలో ఉన్నది చదివినట్టు. ఎవరి పరువూ పోదు. పైగా బయల్దేరే ముందే కెప్టెన్ 'తేడా కనిపిస్తే వెంటనే చెప్పాలి' అని ఆదేశిస్తే, ఆ ఆదేశాన్ని పాటించడమే వినయమవుతుంది.

కొరియన్ ఎయిర్ 2000లో అమెరికాకు చెందిన డెల్టా నుంచి డేవిడ్ గ్రీన్‌బర్గ్‌ను విమాన కార్యకలాపాల అధిపతిగా తెచ్చుకుంది. శిక్షణను, పదోన్నతుల పద్ధతిని మార్చింది. స్టాన్‌స్టెడ్ తర్వాత ఆ సంస్థలో ప్రాణాలు తీసిన విమాన ప్రమాదం లేదు. పైలట్లు కొరియన్లే, ఇంటికెళ్తే పెద్దలకు వంగి నమస్కరించేవాళ్లే.

## రెండు వైపులా పదునున్న వివరణలు

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1915 ప్రాంతంలో చైనాలో పెట్టుబడిదారీ విధానం ఎదగకపోవడానికి కన్ఫ్యూషియన్ విలువలను (పెద్దల పట్ల విధేయతకు పెద్దపీట వేసే ప్రాచీన చైనా బోధనలను) ఒక కారణంగా చూపారు. 1980లలో కొరియా, తైవాన్, సింగపూర్ దూసుకుపోతుంటే అదే విలువలకు ఆ ఘనత కట్టబెట్టారు. 1997 ఆసియా ఆర్థిక సంక్షోభం రాగానే నింద కూడా వాటిమీదే పడింది. మన దగ్గర సుమారు 3.5 శాతం వృద్ధికి 1970ల చివర్లో ఆర్థికవేత్త రాజ్ కృష్ణ వాడిన 'హిందూ వృద్ధి రేటు' అన్న మాటను కొందరు అక్షరాలా పట్టుకుని కర్మ సిద్ధాంతం దాకా వెళ్లారు. 1980ల నుంచి ఆ రేటు 5 శాతం దాటింది, 1991 తర్వాత ఇంకా పెరిగింది. ఆ మధ్యలో దేశం మతం మార్చుకోలేదు. లైసెన్సుల విధానం మారింది. గెలుపునూ ఓటమినీ ఒకే నోటితో వివరించగలిగే కారణం దేన్నీ వివరించనట్టే.

## ఆఫీసుకు తిరిగొస్తే

హైదరాబాద్ టీము వీడియో కాల్‌లో 'శుక్రవారానికి అయిపోతుంది' అని, శుక్రవారం కాకపోతే, అటువైపు మేనేజర్‌కు ఆ బార్ గ్రాఫ్ గుర్తొస్తుంది. సంస్కృతి పేరెత్తే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గడువు తప్పితే జరిమానా ఎవరికి? కాంట్రాక్టు పొడిగింపు ఎవరి చేతిలో ఉంది? కాల్‌లో తమ సొంత కంపెనీ మేనేజర్ కూడా ఉన్నాడా? అమెరికాలోనే పనిచేసే తెలుగు ఇంజనీరు సమావేశంలో తగ్గి ఉంటే, ఉద్యోగం పోయిన హెచ్-1బీ వీసాదారుకు మామూలుగా 60 రోజుల గడువే ఉంటుందన్న నిబంధన గుర్తుంచుకోవాలి. గ్రీన్ కార్డు రాగానే అదే మనిషి గొంతు పెరిగితే, మారింది సంస్కృతి అనుకోవడానికి లేదు.

క్లయింట్ కాల్‌లో నోరు విప్పని ఇంజనీరు పది నిమిషాల తర్వాత సొంత టీము రివ్యూలో సీనియర్‌తో కోడ్ మీద గొంతు చించుకుని వాదిస్తుంటే, సంస్కృతి వివరణ అక్కడే వీగిపోతుంది. రెండుచోట్లా ఒకేలా తగ్గి ఉంటే, కంపెనీ మారినా, దేశం మారినా అలాగే ఉంటే, అప్పుడు దానికి కొంత బలం వస్తుంది.

సగటు మాటను మనుషుల మీద మోపకుండా వాడుకునే మార్గం ప్రశ్నను మార్చడం. 'అయిపోతుందా?' అంటే కాదనడం ఎవరికైనా ఇబ్బందే. 'ఇంకా ఏమేం మిగిలాయి? ఏది అడ్డం పడొచ్చు? శుక్రవారానికి నూటికి ఎంత అవకాశం?' అంటే కాదనే పని లేకుండానే నిజం బయటికొస్తుంది. టీములో అందరూ డచ్‌వాళ్లే అయినా ఈ ప్రశ్నల వల్ల నష్టం లేదు, అందువల్ల ఎవరి సంస్కృతినీ ముందుగా ఊహించే అవసరం రాదు.

వైద్యంలో ఈ మార్పు అధికారికంగానే జరిగింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో రోగినే అడిగే 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఉంది. మీ సమస్యను మీవాళ్లకు ఎలా చెప్తారు, ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, ఇప్పటిదాకా ఏం చేశారు, ఏ సాయం పనికొస్తుందనుకుంటున్నారు, ఈ తరహాలో సాగుతాయి. 'ఆసియా కుటుంబాల్లో జబ్బు సంగతి పెద్దవాళ్లకు చెప్పరు' అన్న సగటు తెలిసిన డాక్టరు, కొడుకు దగ్గర ఉండడానికి డాలస్ వచ్చిన పెద్దాయన విషయంలో దాన్ని ఉపయోగించుకోగలిగేది ఒకే ఒక్క చోట: రిపోర్టు కొడుకు చేతిలో పెట్టేముందు, 'వివరాలు మీకు చెప్పమంటారా, మీవాడికి చెప్పమంటారా, ఇద్దరికీ కలిపి చెప్పమంటారా' అని ఆయన్నే అడగడం గుర్తుండడానికి.